కట్టని ఫ్యాక్టరీ సైరన్

"బిడ్డా, ఇయ్యాల సైరన్ మోగలే."

కామారెడ్డిలో నేను పాఠాలు చెప్పే కాలేజీ ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. ఎల్లారెడ్డి నుంచి చాయ్ హోటల్ చాచా అక్కడికి ఫోన్ చేసి, నన్ను క్లాసులోంచి పిలిపించి, మొదట చెప్పింది ఈ ఒక్క మాటే. ఎవరు, ఎప్పుడు, ఎట్లా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. పొద్దున ఆ వేళకు ఆయన హోటల్లో గ్లాసుల చప్పుడు, జనాల కేకలు వినబడాలి. ఏమీ వినబడలేదు. "అందరు గట్లనే కూసున్నరు బిడ్డా. ఎవలికి లేవబుద్ధి అయితలేదు," అన్నాడు చాచా. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, తెల్లవారేలోపు నిద్రలోనే పోయాడు.

ఆయన గురించి పత్రికలో రాయడానికి ఏముందని మా ఇంట్లోనే ఒకరిద్దరు అన్నారు. ఆయన సర్పంచు కాదు, పంతులు కాదు, జైలుకు వెళ్లొచ్చినవాడూ కాదు. ఏం పని చేసేవాడని ఎవరైనా అడిగితే ఫ్యాక్టరీలో వాచ్‌మన్ అంటాను. ఏ ఫ్యాక్టరీ అంటే మాత్రం ఇరుక్కుపోతాను. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీ లేదు. ఎన్నడూ లేదు. ఇన్నేళ్లూ ఆయన లేని ఫ్యాక్టరీకి కాపలా కాశాడు, రోజూ పొద్దున దానికి సైరన్ మోగించాడు, ఆ సైరన్ విని మా ఊరు పనిలో కూర్చుంది. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ నవ్వేదాన్ని, పగటిపూట, నలుగురిలో ఉన్నప్పుడు. ఒంటరిగా దాని గేటు ముందు నుంచి పోవలసి వస్తే మాత్రం నడక పెంచేదాన్ని.

ముందు చేను సంగతి చెప్పాలి. ఎల్లారెడ్డి నుంచి లింగంపేటకు పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే మా ఇండ్లు. పెద్దబాపు ఇంటికీ మా ఇంటికీ వాకిలి ఒక్కటే. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, మా పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, చేను ఉండేది. ఆమె తండ్రి పసుపుకుంకాల కింద ఆమె పేరు మీద పెట్టిన చేను. మక్కలు, అంటే మొక్కజొన్న, బాగా పండేవి. డెబ్బైల్లో పట్నం నుంచి ఒక సేటు వచ్చి, మక్కల నుంచి గంజిపొడి తీసే ఫ్యాక్టరీ పెడతానన్నాడు. ఆ పొడి బట్టల మిల్లులకు కావాలి, గోలీలు చేసే మందుల కంపెనీలకు కావాలి, ఓడల్లో బయటి దేశాలకు కూడా పోతుందని చెప్పాడు. ఆ చివరి మాట దగ్గర మా పెద్దబాపు పడిపోయాడు.

"మన చేన్ల మక్కలు ఓడెక్కుతయంటనే!" అని ఉరుక్కుంటూ ఇంటికొచ్చి చెప్పాడట. పెద్దవ్వ మక్కరొట్టె కొడుతోంది.

"ఎక్కితే ఎక్కనీ. ముందుగాల నువ్వు తిను," అందట.

ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు. చాలా రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. చివరికి కాగితం మీద ఏలుముద్ర వేస్తూ ఆమె అన్న మాట మా ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చు. "నేను ఫ్యాక్టరీని జూసి ఏస్తలేను. నిన్ను జూసి ఏస్తున్న. అది తెరిచిన్నాడే మళ్ల ఆ గడ్డ తొక్కుత. అందాక తొక్క."

అన్నట్టే తొక్కలేదు. బర్రె అటు పోతే నన్నో మా అవ్వనో, అంటే అమ్మనో, తోలుకురమ్మనేది తప్ప తను రోడ్డు దాటేది కాదు. వాకిట్లో కూర్చుంటే రోడ్డుకు వీపు పెట్టి కూర్చునేది. ఆమె భూమి ఊరికే పోలేదని, అందులో ఫ్యాక్టరీ తెరుచుకుందని ఒక్కనాడైనా ఆమెకు చూపించాలని మా పెద్దబాపు పంతం. ఆ తర్వాత ఆయన బతికిన బతుకంతా దానికోసమే.

ప్రహరీ కట్టారు. పెద్ద గేటు, దాని పక్కన మనిషి పట్టేంత చిన్న గేటు పెట్టారు. పునాదులు తీసి పిల్లర్లు లేపారు. వాటి మీద ఇనుప చువ్వలు పైకి నిక్కి ఉండేవి. పెద్దబాపును వాచ్‌మన్‌గా పెట్టుకుని ఖాకీ చొక్కా ఇచ్చారు. ఇక మిషన్ల కోసం ఎదురుచూపు. ఒకరోజు కామారెడ్డి స్టేషన్‌లో గూడ్సు బండి దించిన చెక్కపెట్టె ఒకటి లారీలో వచ్చింది. ఊరంతా చేరింది. కొబ్బరికాయ కొట్టారు. పెట్టె విప్పితే లోపల సైరన్. కరెంటు లైను ఇంకా రాలేదు గనక చేత్తో పిడి తిప్పితే మోగే రకం పంపించారు.

"గిదేందిరా బై, పెండ్లి ఖాయం గాకముందే బ్యాండోళ్లు దిగిండ్రు!" అన్నాడు చాచా. అందరూ నవ్వారు. పెద్దవ్వ నవ్వలేదని మా అవ్వ చెప్పేది.

సేటు మేనేజరు నవ్వే రకం కాదు. గేటు లోపల గద్దె మీద దాన్ని బిగింపించాడు. "మిషన్లు వచ్చేసరికి ఊరివాళ్లకు టైము అలవాటు కావాలి. రేపటి నుంచి రోజూ ఎనిమిదింటికి మోగించు," అని పెద్దబాపుకు చెప్పి, అదే లారీలో వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. సేటు చనిపోయాడని, కొడుకులు కోర్టుకెక్కారని తర్వాత తెలిసింది. కొన్నాళ్లకు జీతం కూడా ఆగింది. సైరన్ ఆపమని మాత్రం ఎవరూ వచ్చి చెప్పలేదు. చెప్పలేదు గనక ఆయన ఆపలేదు.

ఆ మోత వినని వాళ్లకు చెప్పడం కష్టం. మొదట నేల లోపల ఎవరో మూలిగినట్టు వచ్చేది. పిడి తిరిగేకొద్దీ లేచి, లేచి, పైకంటా పోయి సన్నగా ఏడ్చేది. నడుమ ఒకచోట దిగిపోయేది. పెద్దబాపు కుడిచెయ్యి నొప్పిపుట్టి ఎడమ చేతికి మార్చుకునే చోటు అది. తర్వాత మళ్లీ లేచేది. సైరన్ అక్కడ ఊపిరి తీసుకుంటుందని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. అది దిగిపోయిన ఆ కాస్త సేపు ఊళ్లో కుక్కలు కూడా గమ్మున ఉండేవి. మళ్లీ లేస్తుందా, ఆగిపోతుందా అని నేను రోజూ ఊపిరి బిగబట్టేదాన్ని. లేచేది.

మెల్లగా ఊరు దానికి అలవాటు పడింది. అరుగుల మీద బీడీలు చేసే ఆడవాళ్లు సైరన్ మోగగానే తంబాకు చాట ఒళ్లోకి లాక్కునేవాళ్లు. చాచా రెండో పాలగిన్నె పొయ్యిమీద పెట్టేవాడు. బడి పంతులు గడియారం చూసుకునేవాడు కాదు. బస్సు డ్రైవరు, "మీ ఫ్యాక్టరీ మోగిందా?" అని అడిగి బండి తీసేవాడు. మీ ఫ్యాక్టరీ అనడంలో ఎవరికీ తప్పు కనబడలేదు. రాజంపేట నుంచి సంబంధం చూడవచ్చిన వాళ్లు చాయ్ తాగుతూ ఆ మోత విని, ఫ్యాక్టరీ ఉన్న ఊరని సంతోషపడి పిల్లనిచ్చి పోయారు. ఆ పిల్ల ఇప్పటికీ మా వాడలోనే ఉంది. కోపమొచ్చినప్పుడల్లా "ఏదయ్యా మీ ఫ్యాక్టరీ?" అని మొగుణ్ని నిలదీస్తుంది. ఆయన సైరన్ వైపు చెయ్యి చూపిస్తాడు.

సైరన్ తర్వాత జరిగేది ఇంకొకటి ఉంది. అది చాలామందికి తెలియదు. చిన్నప్పుడు ఒకరోజు పెద్దవ్వ నా చేతికి చాయ్ గ్లాసిచ్చి, "పోయి మీ పెద్దబాపుకిచ్చి రా పో, నేను పోను గద," అని పంపింది. రోడ్డు దాటి గేటు దాకా వెళ్లాను. అప్పుడే మోత ఆగింది. పెద్దబాపు చిన్న గేటు తెరిచి, ప్రహరీకి వీపు ఆనించి, ఓ పక్కకు ఒదిగి నిలబడి ఉన్నాడు. పెండ్లిలో వచ్చేవాళ్లకు దారిస్తూ నిలబడతామే, అట్లా. తల ఊపుతున్నాడు. "రాండ్రి... రాండ్రి... మెల్లగ," అంటున్నాడు. ఒకసారి కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు, ఎవరో తొక్కబోతున్నట్టు.

రోడ్డు మీద పిట్ట కూడా లేదు. ఎండ కొడుతోంది. గేటు లోపల గడ్డి, పిల్లర్లు, చువ్వలు తప్ప ఏమీ లేవు.

"పెద్దబాపూ, ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"పనోళ్లతోని బిడ్డ. పొద్దుగాల షిఫ్టు."

"ఎవలు లేరు గద!"

"ఇంకా రాలే."

"రానోళ్లకు తొవ్వెందుకు ఇస్తున్నవ్?"

"తొవ్వ ఇడువకపోతే ఎట్ల వస్తరే పిచ్చిదానా?"

"దయ్యాలా?" అని అడిగాను.

ఆయన నవ్వి, నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. "దయ్యాలంటే పోయినోళ్లేనా? రావల్సినోళ్లు గూడ ఉంటరు. అండ్ల సగంమంది ఇంకా పుట్టనే లేదు. భయపడకు, వాళ్లు ఎవల్నేం అనరు."

భయపడకు అంటే భయం పోతుందా! చనిపోయినవాళ్ల కథలు మా అవ్వ చెప్తే వినేదాన్ని, వాటికి ఒక ముఖం ఉంటుంది, పేరుంటుంది. పుట్టనివాళ్లకు ఏముంటుంది? వెనక్కి తిరగకుండా రోడ్డు దాటి, పెద్దవ్వ ఒళ్లో పడ్డాను. చూసింది చెప్పాను. ఆమె చెయ్యి రొట్టె మీద ఆగలేదు.

"నాకెరుక. వీపు పెట్టి కూసుంటే ఇనబడదా? రోజూ రాండ్రి రాండ్రి అంటడు," అంది. రొట్టె తిరగేసి, "నా చేనుకు నన్ను తప్ప అందర్ని పిలుస్తడు," అంది.

పెద్దబాపు నైజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. రేడియోలో వార్తలు ఏ పూటా వదిలేవాడు కాదు. యుద్ధంలో బూడిదైన దేశాలు గడియారాలు చేసి మనకే అమ్ముతున్నాయని చెప్పి ఆశ్చర్యపోయేవాడు. నేను ఇంటర్‌కు కామారెడ్డి వెళ్లి ఎకనామిక్స్ తీసుకున్నానంటే ఇంట్లో అందరికన్నా ఆయనకే సంబరం. సెలవులకు బస్సు దిగగానే, సంచి కింద పెట్టకముందే ప్రశ్న వచ్చేది. "బిడ్డా, మన దేశం పెద్దగైతదా? మీ పుస్తకం ఏమంటున్నది?"

ఇంటర్‌లో, "అయితదట పెద్దబాపూ, ప్రణాళికలు రాసిన్రు," అని చెప్పాను. డిగ్రీలో, "గంత తొందరగ కాదట, జనం ఎక్కువ, పెట్టుబడి తక్కువ," అన్నాను. ఎం.ఏ.కొచ్చేసరికి ఇంకా పెద్ద మాటలు నేర్చుకున్నాను. పేదదేశాలు పంట అమ్ముకుంటాయి, గొప్పదేశాలు దాన్ని సరుకు చేసి తిరిగి అమ్ముతాయి, ధర రెండుసార్లూ వాళ్లే చెప్తారు, ఇంక మనం లేచేదెక్కడ అని. ఆయన శ్రద్ధగా విని, "మరి గందుకేగద మక్కల ఫ్యాక్టరీ!" అన్నాడు. లెక్చరర్ అయ్యాక, దేశం పెద్దగవుతుందా అన్న ప్రశ్నే మా క్లాసు పిల్లలకు పరీక్షలో వచ్చేది. అవుతుందని సగం, కాదని సగం రాస్తే మంచి మార్కులు పడతాయని ఆయనతో చెప్పాను.

"రెండు దిక్కుల రాస్తేనే మార్కులా? మరి నువ్వేమంటవ్?"

నేనేమంటానో నన్ను ఎవరూ అడగలేదు అంతవరకు. అడిగేసరికి కోపమొచ్చింది. "పెద్దవ్వ చేను పోయింది. నువ్వు గాలికి దండం పెట్టుకుంట నిలబడ్డవ్. సైరన్ మోగిస్తే దేశం పెద్దగైతదా?" అన్నాను. పెద్దవ్వ వింటోందని తెలిసే అన్నాను.

ఆయన పెద్దవ్వ వైపు ఒకసారి చూశాడు. తర్వాత నాకొక్కదానికే వినబడేట్టు, "కాదు బిడ్డ. సైరన్‌తోని కాదు. గని నేను ఆపిననుకో, ఫ్యాక్టరీ లేదని మీ పెద్దవ్వకు చెప్పిందెవలు? నేనే గద?" అన్నాడు.

ఆ తర్వాత నేను ఆయన్ను ఆపమనలేదు.

దోమకొండ మనిషి సంగతి కూడా చెప్పాలి. చెప్పకుండా ఉండలేను. ఒక కరువేడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, బస్సులో పోతూ సైరన్ విని ఒకాయన దిగిపోయాడు. భుజాన తువ్వాలలో సద్దిమూట. గేటు దగ్గరికి వచ్చి, "దోమకొండ దిక్కు నుంచి వస్తున్న. పని దొరుకుతదా?" అని అడిగాడు. పెద్దబాపు పని లేదని చెప్పి పంపుతాడని మా వాకిట్లోంచి చూస్తున్నాను. ఆయన ఆ ముఖం చూశాడు. పక్కకు జరిగి, "రా అన్నా," అన్నాడు. పిల్లర్ల నడుమకు తీసుకెళ్లి ఒక చోటు చూపించాడు. "నీ మిషన్ ఈడ వస్తది."

ఆ మనిషి అక్కడ నిలబడ్డాడు. చేతులు కొంచెం ముందుకు పెట్టుకుని, ఎండలో, ఊరికే నిలబడ్డాడు. మధ్యాహ్నం నీడకు పోయి సద్దిమూట విప్పుకుని తిన్నాడు. మళ్లీ వచ్చి నిలబడ్డాడు. సాయంత్రం బస్సెక్కాడు. మర్నాడు సైరన్ వేళకు గేటు ముందున్నాడు. ఆ మర్నాడు కూడా. బీడీలు చేసే ఆడవాళ్లు అటు చూడటం మానేశారు. పిల్లల్ని రోడ్డు మీదికి పోనివ్వలేదు. చివరికి పెద్దవ్వ తట్టుకోలేక రోడ్డు అంచు దాకా వెళ్లి, అక్కడే ఆగి, అరిచింది.

"ఓ అన్నా! ఆడ ఏం లేదు. మా ఆయన పిచ్చోడు. ఇంటికి పో!"

ఆయన తల తిప్పాడు. కోపం లేదు, సిగ్గు లేదు. "తెలుసవ్వా," అన్నాడు. "ఇంటికాడ గూడ ఏం లేదు. ఈడైతే టైముకొచ్చి టైముకు పోతున్న."

పెద్దవ్వ ఇంట్లోకొచ్చింది. రొట్టెలు మూటగట్టి నాతో పంపింది. ఆయన వచ్చినన్నాళ్లూ పంపింది. ఒకరోజు రాలేదు. బొంబాయి పోయాడని కొందరు, దుబాయి పోయాడని కొందరు అనుకున్నారు. ఆయన నిలబడ్డ చోట ఆ ఏడు వానలకు గడ్డి మొలవలేదు. ఆ తర్వాత మొలిచిందో లేదో నేను చూడలేదు. పెద్దబాపు మాత్రం ఆ చోటును ఎవర్నీ తొక్కనివ్వలేదు. "ఆడ మనిషున్నడు. చుట్టు తిరిగి పో," అనేవాడు.

చాచా కొడుకు దుబాయి నుంచి టేప్‌రికార్డరు, అత్తరు సీసాలు పట్టుకుని వచ్చినప్పుడు హోటల్లో పెద్ద పంచాయితీ జరిగింది. "ఆడ గూడ మొదలు ఇసుకేనట గద? ఇసుకల పట్నం లేచింది. మరి మన గడ్డల లేవదా?" అని పెద్దబాపు అడిగాడు. ఆ పిల్లగాడు నవ్వాడు. "లేచింది బాపూ. గని ఆడ సైరన్ ముందు రాలే. ముందు నూనె దొరికింది." హోటలంతా ఘొల్లుమంది. పెద్దబాపు కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక, "లేపినోళ్లు ఎవలు?" అని అడిగాడు. ఆ పిల్లగాడు తన చేతులు చూసుకుని, "మేమే," అన్నాడు. "అయితే చేతులు ఈడియే గద బిడ్డ," అన్నాడు పెద్దబాపు. చాచా ఆరోజు ఎవరి దగ్గరా చాయ్ పైసలు తీసుకోలేదు.

తొంభైలు వచ్చాయి. తలుపులన్నీ తెరిచారని, ఇక మన దేశాన్ని ఎవరూ ఆపలేరని టీవీలో చెప్పారు. నా క్లాసులో పిల్లలు రెండు దిక్కులా రాయడం మానేసి ఒకే దిక్కు రాయడం మొదలుపెట్టారు. అదే రోజుల్లో ఒక జీపు వచ్చి మా పెద్దవ్వ చేను ముందు ఆగింది. కోర్టు గొడవ తెగిందట. ఫ్యాక్టరీ ఉండదట, ప్లాట్లు చేసి అమ్ముతారట. వాళ్ల మనుషులు చువ్వలు కోసి లారీకెత్తారు. పెద్దబాపు సైరన్ గద్దె మీద కూర్చుని చూశాడు. పోతూ పోతూ, "దీన్ని మళ్లొచ్చినప్పుడు పీకుతాం," అని సైరన్‌ను చూపించారు. మర్నాడు ఎనిమిదింటికి అది మోగింది. చిన్న గేటు తెరుచుకుంది.

ఆఖరిసారి నేను వెళ్లినప్పుడు ఆయన కుడిచెయ్యి లేవడం లేదు. అయినా గద్దె ఎక్కేవాడు. "బిడ్డా, మన దేశం పెద్దగైతదా?" అన్నాడు. ఈసారి పుస్తకం ఏమంటుందని అడగలేదు.

"అయితదనిపిస్తున్నది పెద్దబాపూ," అన్నాను. నా సొంత మాట చెప్పడం అదే మొదలు. "గని మన ఊరి మీదికెళ్లి వస్తదో, మనల్ని దాటుకుంట పోతదో తెల్వదు."

ఆయన ఆలోచించాడు. "మన గేటు తెరిచే ఉన్నది గద," అన్నాడు.

ఆయన్ను సాగనంపిన నాడు పాడె ఆ గేటు ముందు నుంచే పోయింది. చాచా ఒక పక్క భుజం పట్టాడు. బీడీ చాటలు అరుగుల మీద బోర్లించి ఆడవాళ్లంతా నిలబడ్డారు. పెద్దవ్వ ఏడవలేదు. రోడ్డుకు వీపు పెట్టి కూర్చోవడం మాత్రం మానేసి, ఆరోజు మొదటిసారి అటు తిరిగి కూర్చుంది. ఆ గేటునే చూస్తూ ఉంది.

మర్నాడు పొద్దున చుట్టాలందరం వాకిట్లో ఉన్నాం. ఎండ వచ్చింది. ఎనిమిది కావస్తోంది. ఆ సంగతి ఎవరూ నోటితో అనలేదు గానీ అందరికీ తెలుసు.

మోగింది.

నేల లోపల మూలుగు. లేచి, లేచి, పైకంటా పోయింది. మా బాపు చేతిలో చెంబు జారిపోయింది. "అన్నా," అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. అరుగుల మీద ఆడవాళ్ల చేతులు చాటల మీదికి పోయి, అక్కడే ఆగిపోయాయి. సైరన్ నడుమ దిగిపోయింది. సరిగ్గా ఆ చోటే, ఆయన చెయ్యి మార్చుకునే చోటే. కుక్కలు గమ్మున అయ్యాయి. నేను ఊపిరి బిగబట్టాను. చిన్నప్పటి కంటే ఎక్కువ భయమేసింది నాకు, సిగ్గుపడకుండా చెప్తున్నాను. మళ్లీ లేచింది.

అప్పుడు చూశాను, పెద్దవ్వ వాకిట్లో లేదు.

రోడ్డు దాటి ఉరికాను. చిన్న గేటు తెరిచి ఉంది. గద్దె మీద పెద్దవ్వ. రెండు చేతులతో పిడి పట్టుకుని ఆపుతోంది. ఆయాసపడుతోంది. ఆమె పాదాలకు ఆ చేను మన్ను అంటి ఉంది.

"పెద్దవ్వా, నువ్వు... ఈ గడ్డ తొక్కనంటివి గద!"

"తెరిచిన్నాడు తొక్కుతనన్న," అంది. "తెరిచిన."

"ఎవలు?"

"నేనే తెరిచిన. నా గడ్డ, నేను గాక ఇంకెవలు తెరుస్తరే?"

నడుమ సరిగ్గా ఆ చోటే ఎట్లా దించావని అడిగాను. అదొక్కటే నాకు అర్థం కాలేదు. "ఇన్నేండ్లు ఇన్న గద. చేతికి తెల్వదా?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నా భుజం పట్టుకుని గద్దె దిగి, చిన్న గేటు దాకా నడిచింది. ప్రహరీకి వీపు ఆనించి, ఓ పక్కకు ఒదిగి నిలబడింది. తల ఊపింది. ఒకసారి కాలు వెనక్కి తీసుకుంది.

"రాండ్రి," అంది. "మెల్లగ."

నేను గేటు నడుమ నిలబడి ఆమెనే చూస్తున్నాను. ఆమె నన్ను చూడటం లేదు. నా వెనక చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం కొంచెం మెత్తబడింది, తెలిసినవాళ్లు కనబడితే మెత్తబడ్డట్టు.

"జరుగు బిడ్డా. తొవ్వకు అడ్డమున్నవ్."

వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. నేను పక్కకు జరిగాను.